ముందు లోటు చెప్పండి, తర్వాత ధర

రెడ్డిగూడెం, మైలవరం, నూజివీడు వైపు పుట్టి పెరిగినవాళ్ళకు మామిడి బేరం ఎవరూ నేర్పక్కర్లేదు. ట్రేలో పై వరస చూసి ధర కట్టేవాడు మొదటి ఏడాదే దెబ్బతింటాడు. పై వరస ఒక్కటే మేలైన కాయలతో పేర్చి అమ్మినవాడి తోటకు రెండో ఏడాది ఎవరూ రారు. ఈ అధ్యాయంలో చెప్పబోయే బేరంలో కాయా లేదు, కమీషన్ ఏజెంటూ లేడు. ఇంద్రజాలం మీద వచ్చిన పాత పుస్తకాలను సేకర్తలు తమలో తాము మార్చుకునే బేరం ఇది. ఇక్కడ కూడా మనిషి నిలిచేదీ పోయేదీ కింది వరస దగ్గరే.

వ్యక్తిత్వ వికాస పుస్తకంలో ఈ గారడీ గోల ఎందుకని మీరు అడగొచ్చు. తెలుగులో వ్యక్తిత్వ వికాసం అనగానే గుర్తొచ్చే పేర్లలో బి.వి. పట్టాభిరామ్ గారిదొకటి. 2025 జూన్ 30న కన్నుమూసిన ఆయన జనానికి ముందు తెలిసింది ఇంద్రజాలికుడిగానే. కాబట్టి ఈ రెండు విద్యలకు చుట్టరికం మనకు కొత్తేమీ కాదు. నాకు ఇంకో కారణం కూడా ఉంది. ఈ మారకానికి దుకాణం లేదు, అచ్చయిన ధరల పట్టిక లేదు, రసీదు లేదు. ఎప్పుడూ మొహం చూసుకోని ఇద్దరు మనుషుల్లో ఒకరు నమ్మి ముందుగా పార్సిల్ పంపాలి. మాట నిలబెట్టుకోవడం గురించి పది ఉపన్యాసాలు వినడం కన్నా ఇలాంటి మారకం ఒకటి చేసి చూస్తే మన సంగతి మనకు బాగా తెలుస్తుంది.

అటక మీద ఏముంటుంది

అరవై నాలుగు కళల జాబితాలో ఇంద్రజాలమూ ఉంది, హస్తలాఘవమూ ఉంది. కొఱవి గోపరాజు ‘సింహాసన ద్వాత్రింశిక’లో ఐంద్రజాలికుడి కథ చిన్నప్పుడు పాఠంగా చదివినవాళ్ళు చాలామందే ఉంటారు. భార్యను రాజు దగ్గర వదిలి ఆకాశంలోకి యుద్ధానికి పోయినవాడి అవయవాలు తెగి కింద పడతాయి, ఆమె అగ్నిలో దూకుతుంది, ఆ తర్వాత వాడు నవ్వుతూ తిరిగొస్తాడు. సభల్లో, ఇళ్ళ ముంగిట ఈ విద్యను చూపిన విప్రవినోదులు, తెలంగాణలో పద్మశాలీలను ఆశ్రయించి బతికిన సాధనాశూరులు దాన్ని చేతి నుంచి చేతికి అందించారే తప్ప అచ్చు పుస్తకంలో పెట్టి అమ్మలేదు. అందుకే అలాంటి కుటుంబంలో ఎవరైనా తన గుర్తు కోసం రాసుకున్న నోటుపుస్తకం దొరికితే, దానికి ఏ అచ్చు పుస్తకమూ సాటి రాదు. అది కుటుంబం ఆస్తి. అడక్కుండా ఫొటో కూడా తీయకూడదు.

అచ్చులో దొరికేవాటిలో మొదటివి చవక పుస్తకాలు. ఇంద్రజాలం, మహేంద్రజాలం అన్న పేర్లతో జాతరల్లోనూ బస్టాండుల్లోనూ అమ్మినవి. వాటిలో సగం మంత్రం, పావు వైద్యం, మిగిలిన పావు నిజమైన కనికట్టు. రెండో రకం పట్టాభిరామ్, చొక్కాపు వెంకటరమణ వంటివారు పిల్లలకు, ఔత్సాహికులకు మ్యాజిక్ నేర్పుతూ రాసినవి. పుస్తకంగా రాకుండా పత్రికల శీర్షికల్లోనే ఆగిపోయిన రచనల కత్తిరింపులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. మూడో రకాన్ని చాలామంది సేకర్తలు లెక్కలోకి తీసుకోరు. నా దృష్టిలో మన ప్రాంతపు అసలు సంపద అదే. గోరా 1940లో ముదునూరులో మొదలుపెట్టి 1947లో విజయవాడ పటమటకు తెచ్చిన నాస్తిక కేంద్రం, కేరళ నుంచి శ్రీలంక వెళ్ళి స్థిరపడిన అబ్రహాం కోవూర్, పోదనూరు నుంచి దేశమంతా తిరిగిన బి. ప్రేమానంద్ లాంటివాళ్ళు బాబాల మహిమల వెనక ఉన్న కిటుకులను విప్పి చెప్పారు. ఆ సాహిత్యం కరపత్రాలుగా, చిన్న పుస్తకాలుగా కృష్ణా జిల్లా ఊళ్ళన్నీ తిరిగింది. విభూతి సృష్టించడం, నిప్పుల మీద నడవడం ఎలాగో వివరించే కరపత్రం కూడా ఇంద్రజాల సాహిత్యమే. రాసినవాడు దాన్ని ఏ ఉద్దేశంతో రాశాడన్నది వేరే ప్రశ్న.

ఇంగ్లీషువి సరేసరి. ప్రొఫెసర్ హాఫ్‌మన్ ‘మోడర్న్ మ్యాజిక్’ (1876), మన దేశపు గారడీవాళ్ళ మీద బ్రాన్సన్ రాసిన ‘ఇండియన్ కంజూరింగ్’ (1922), హిల్యార్డ్ ‘గ్రేటర్ మ్యాజిక్’ (1938), పి.సి. సర్కార్ పుస్తకాలు. ఇవి రైల్వే ఉద్యోగుల ఇళ్ళలో, పాత జమీందారీ బంగళాల్లో, రిటైరైన మాస్టార్ల బీరువాల్లో బయటపడుతుంటాయి.

ఊరు చిన్నదైతే నష్టమా

హైదరాబాదులో ఉంటే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతుక్కోవచ్చు. విజయవాడలో ఉంటే లెనిన్ సెంటర్ పాత పుస్తకాలు, 1989 నుంచి ఏటా జరుగుతున్న పుస్తక మహోత్సవం. రెడ్డిగూడెంలో ఉన్నవాడికి ఇవేవీ నడిచి వెళ్ళే దూరంలో లేవు. అయితే ఫుట్‌పాత్ మీదికి వచ్చిన పుస్తకాన్ని అప్పటికే నలుగురు చూసి ఉంటారు. పల్లెటూరి అటక మీది పుస్తకాన్ని ఇంకా ఎవరూ చూడలేదు. పోటీ లేకపోవడమే మీ బలం. మీ బాధ్యత మొదలయ్యేదీ అక్కడే. అమ్మేవాళ్ళకు విలువ తెలియదు, మీకు తెలుసు.

ప్రఖ్యాత ఇంద్రజాలికుడు హౌడినీ తన పుస్తకంలో ఒక ముసలాయన గురించి రాసుకున్నాడు. 1904లో లండన్‌లో బస చేసినప్పుడు హెన్రీ ఎవానియన్ అనే పాతకాలపు ఇంద్రజాలికుడు పాత కరపత్రాలు, ప్రదర్శన ప్రకటనలు మూటగట్టుకుని కలవడానికి వచ్చాడు. చిరిగిన బట్టలు చూసి హోటల్ వాళ్ళు పైకి పంపకుండా కింద కూర్చోబెట్టారు. ఆ మూటలో ఉన్నవి అప్పటికి హౌడినీ ఎక్కడా చూడనివి. ఎవానియన్ సేకరణలో ఒక పెద్ద భాగాన్ని 1895లోనే బ్రిటిష్ మ్యూజియం కొనుక్కుంది. అయినా ఆ మనిషి పేదరికంలోనే 1905లో చనిపోయాడు. ఆయన దగ్గర దొరికిన సమాచారంతో హౌడినీ 1908లో రాబర్ట్ హుడా మీద విరుచుకుపడుతూ ఒక పుస్తకం తెచ్చాడు. తన రంగస్థల నామాన్ని ఎవరి పేరు నుంచి తీసుకున్నాడో ఆ మనిషి మీదే! ఆ పుస్తకంలో న్యాయం తక్కువ, కోపం ఎక్కువ అని తర్వాతి చరిత్రకారులు తేల్చారు. గొప్ప సేకరణ ఉన్నంత మాత్రాన గొప్ప తీర్పు రాదని అక్కడ కనిపిస్తుంది.

ఈ కథలో మనకు కావలసింది ముసలాయన. మీ దగ్గరికి మూటతో వచ్చేవాళ్ళు, మీరు మూట కోసం వెళ్ళే ఇళ్ళవాళ్ళు అలాంటి స్థితిలోనే ఉంటారు. భర్త పోయాక పుస్తకాలు ఏం చేయాలో తెలియని ఇల్లాలు అడుగుతుంది:

“ఈ కట్టకి ఎంతిస్తావు బాబూ?”

అప్పుడు చెప్పాల్సిన జవాబు ఇలా ఉండాలి: “పిన్నిగారూ, ఇప్పుడే చెప్పలేనండీ. వీటిలో చాలావరకు మామూలివే. ఈ రెండు మాత్రం నాలాంటివాళ్ళు వెతికేవి. అన్నిటికీ జాబితా రాసి ఇస్తాను, ఇంకొకర్ని కూడా అడిగి చూడండి. వచ్చే ఆదివారం వచ్చి నా రేటు చెప్తాను.”

ఇలా చెబితే ఆ రెండూ చేజారిపోవచ్చు. పోనివ్వండి. కట్ట మొత్తం తూకానికి కొని తెచ్చుకుని, అందులో ఒక్కదాన్ని పెద్ద ధరకు మార్చుకున్నవాడి సంగతి ఊళ్ళో తెలియక మానదు. తెలిశాక ఆ చుట్టుపక్కల ఏ అటక మీదికీ వాడికి నిచ్చెన వేయరు.

చేతిలోకి తీసుకుని చూడడం

ఈ పనికి కావలసిన చదువులో సగం ఇదే. కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

చవక పుస్తకాల మీద ముద్రణ సంవత్సరం చాలాసార్లు ఉండదు. అప్పుడు ధర చూడండి. అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్ 1కి ముందుది కావడానికే అవకాశం ఎక్కువ. దశాంశ నాణేలు వచ్చింది ఆ రోజునే. మార్పు జరిగిన కొత్తలో రెండు లెక్కల్లోనూ ధర వేసినవాళ్ళున్నారు. ‘న.పై.’ (నయా పైసలు) అని ఉంటే ఇంకా సులువు, 1957కూ 1964 జూన్ 1కీ మధ్యదని అనుకోవచ్చు. ఆ తర్వాత ‘నయా’ అన్న మాట ఎత్తేశారు. ప్రచురణకర్త చిరునామాలో పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిదే. పదమూడంకెల ఐఎస్‌బిఎన్ ఉంటే అది 2007 ప్రాంతం నుంచి వచ్చినది, దాని గురించి ఇంత పరిశోధన అక్కర్లేదు. ‘బెజవాడ’ అని ఉన్నంత మాత్రాన పాతదనుకోకండి, ఇవాళ్టికీ బెజవాడ అనేవాళ్ళు బోలెడుమంది. ముద్రించిన ప్రెస్ పేరు, ఊరు పుస్తకం మీద ఉండాలని 1867 నాటి చట్టం చెప్పింది. అందుకే మొదటి ఆకు వెనకో చివరి అట్ట అడుగునో సన్నటి అక్షరాల్లో ఆ వరస దొరుకుతుంది. అది చిరిగిపోయిందంటే మీ పుస్తకం పుట్టుక ధ్రువపత్రం పోయినట్టే.

తర్వాత కాగితం వెనక వేలు పెట్టి మెల్లగా నిమరండి. సీసపు అక్షరాల ముద్రణ అయితే వెనక వైపు గరుకుగా తగులుతుంది. ఆఫ్‌సెట్ అయితే నున్నగా ఉంటుంది. పాత పేజీలను ఫొటో తీసి ఆఫ్‌సెట్‌లో మళ్ళీ వేసిన పుస్తకాల మీద పాత ధర, పాత సంవత్సరం యథాతథంగా ఉండిపోతాయి. వేలు మాత్రం మోసపోదు.

సంవత్సరం ఉన్నా అది మొదటి ముద్రణ కాకపోవచ్చు. దీనికి ప్రపంచంలో అందరూ చెప్పుకునే ఉదాహరణ ‘ది ఎక్స్‌పర్ట్ ఎట్ ది కార్డ్ టేబుల్’. ఎస్.డబ్ల్యు. ఎర్డ్‌నేస్ అన్న మారుపేరుతో 1902లో షికాగోలో వచ్చింది. అసలు రచయిత ఎవరన్నది ఈనాటికీ తేలలేదు. కొద్ది ఏళ్ళకే డ్రేక్ అనే ప్రచురణకర్త దాన్ని వరసగా వేయడం మొదలుపెట్టాడు. ఆ పుస్తకాల్లోనూ కాపీరైట్ సంవత్సరం 1902 అనే ఉంటుంది. ఆ అంకె ఒక్కటే చూసి మొదటి ముద్రణ అనుకుని కొన్నవాళ్ళకు లెక్కే లేదు. దాని పాఠం ఇప్పుడు ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, చవక ప్రతులు కావలసినన్ని ఉన్నాయి. అయినా మొదటి ముద్రణకు సేకర్తలు పెద్ద మొత్తాలు పెడతారు. పాఠం ధర వేరు, ప్రతి ధర వేరు. మారకానికి కూర్చునే ముందు మీరు ఈ రెండిటిలో దేనికి డబ్బు పెడుతున్నారో తేల్చుకోండి. మన తెలుగు పాత పుస్తకాలు కూడా చాలావరకు స్కాన్ అయి డిజిటల్ గ్రంథాలయాల్లో ఉన్నాయి. చదవడానికే అయితే ముందు అక్కడ వెతకండి.

ఇక ఆకులు లెక్కపెట్టడం. మధ్యలో పిన్ను కొట్టిన 64 పేజీల పుస్తకంలో ప్రతి కాగితమూ మడతపడి రెండు ఆకులవుతుంది. 17–18 ఆకు ఊడిపోయిందంటే, దాని జంట 47–48 కూడా పిన్ను పట్టు లేక వదులై ఉంటుంది, లేదా ఎప్పుడో రాలిపోయి ఉంటుంది. జంట పేజీల అంకెలు కలిపితే ఎప్పుడూ మొత్తం పేజీల కన్నా ఒకటి ఎక్కువ వస్తుంది: 17, 48 కలిపితే 65. 18, 47 కలిపినా 65. ఒక ఆకు లేదని తెలిసిన వెంటనే ఈ లెక్క వేసి రెండో చోట చూడండి. నడిమి పేజీలు, అంటే 31 నుంచి 34 దాకా, అన్నిటికన్నా ముందు జారిపోతాయి. తుప్పు పట్టిన పిన్ను కాగితాన్ని తినేసిన గోధుమరంగు మచ్చ, సెల్లోటేప్ అంటించి పీకిన జిగురు గుర్తు, పురుగు తొలిచిన కన్నం అక్షరం మీద పడిందా అంచున పడిందా, ఇవన్నీ రాసుకోవాల్సినవే.

ఇంద్రజాల పుస్తకాలకు ఇంకో చిక్కుంది. వాటిలో విడి వస్తువులు ఉంటాయి. మడతపెట్టిన పటాలు, కత్తిరించుకోవడానికి ఇచ్చిన కార్డులు, విడిగా అమ్మిన సూచనల కాగితాలు. కొరిండా ‘థర్టీన్ స్టెప్స్ టు మెంటలిజం’ ముందు పదమూడు విడి పుస్తకాలుగా వచ్చి, తర్వాతే ఒక్క సంపుటమైంది. విడి పుస్తకాల సెట్టు అని చెప్పి పన్నెండు పంపితే అది సెట్టు కాదు. చదవనిచ్చి వెనక్కి తీసుకున్నప్పుడు కూడా ఈ విడి కాగితాలు ఉన్నాయో లేదో చూసుకోవాలి.

ఏ పేజీ ఫొటో పంపాలి

మామూలు పాత పుస్తకమైతే అడిగిన పేజీ అల్లా ఫొటో తీసి పంపొచ్చు. ఇక్కడ కుదరదు. 1905లో లండన్‌లో పెట్టిన మ్యాజిక్ సర్కిల్ రహస్యాలు బయటపెట్టకూడదన్న మాటనే తన నినాదంగా పెట్టుకుంది. ఇంద్రజాలికులు ఈ పట్టింపును చాలా గట్టిగా పాటిస్తారు. అదీకాక, కిటుకు వివరించిన రెండు పేజీలే కొన్ని పుస్తకాలకు ప్రాణం. అవి ఫోనులో అందుకున్నవాడు “ఆలోచించి చెప్తాను” అని మాయమైతే మీరు చేయగలిగింది ఏమీ లేదు.

మరి అవతలివాడు ఏం చూసి నమ్మాలి? నేను పాటించే పద్ధతి ఇది: ముందు అట్ట, వెనక అట్ట, వీపు, పుస్తకం పేరున్న పేజీ, దాని వెనక వైపు, విషయ సూచిక, పాడైన ప్రతి చోటూ. పేజీలన్నీ ఉన్నాయని చూపడానికి ఆకులను విసనకర్రలా పరిచి పేజీ నంబర్లు పడేలా అంచు మాత్రమే ఫొటో. ఇంకా అనుమానం ఉంటే ఏదైనా మూడు పేజీల నంబర్లు అడగమనండి, ఆ పేజీల్లో మొదటి మాట, చివరి మాట చదివి చెప్పండి. రహస్యం బయటపడదు, పుస్తకం పూర్తిగా ఉందని తేలుతుంది.

ఇక ఆ వివరం రాయడం. పదిమంది సేకర్తల్లో తొమ్మిదిమంది “కండిషన్ బాగుంది” అని రాసి ఊరుకుంటారు. ఈ మాటకు అర్థం లేదు. ఎనభై ఏళ్ళ చవక పుస్తకం బాగుండదు, ఉండాల్సిన అవసరమూ లేదు. ఇలా రాయండి:

“నమస్తే అండీ. మీరు అడిగిన పుస్తకం నా దగ్గర ఉంది. ముందు లోట్లు చెప్తాను. వెనక అట్ట లేదు. 31–34 పేజీలు విడిపోయాయి కానీ ఉన్నాయి. 12వ పేజీ పై మూలలో పురుగు కన్నం, ఒక అక్షరం పోయింది. మొదటి పేజీ మీద ఊదా సిరాతో ఎవరిదో సంతకం. పిన్నులు తుప్పు పట్టాయి, నేను తీయలేదు. ధర ఆరణాలు అని ఉంది, సంవత్సరం లేదు. మీ దగ్గర రెండోది ఉందన్నారు కదా, దానికి మార్చుకుందామంటే నాకు సమ్మతమే. చూశాక నచ్చకపోతే వారం లోపు వెనక్కి పంపండి, పోను ఖర్చు నాది, రాను ఖర్చు మీది.”

ఈ ఉత్తరంలో పొగడ్త ఒక్క ముక్క లేదు. చదివినవాడికి ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు. లోటు మీరే చెబితే బేరం తగ్గుతుందని భయపడేవాళ్ళున్నారు. కొద్దిగా తగ్గుతుంది, నిజమే. అదే లోటు పార్సిల్ విప్పాక అవతలివాడి కంటపడితే, పుస్తకం వెనక్కి వస్తుంది, దాంతోపాటు ఇంకో నలుగురు సేకర్తలకు మీ పేరు చేరుతుంది. ఈ లోకం చాలా ఇరుకు. తెలుగులో ఇంద్రజాల పుస్తకాలు పట్టుదలగా సేకరించేవాళ్ళకు ఒకరికొకరు తెలిసే ఉంటారు.

లెక్క, ఉత్తరం, పార్సిల్

పుస్తకానికి పుస్తకం సమానంగా కుదరడం అరుదు. షికాగోలోని పాటర్ అండ్ పాటర్ వంటి వేలం సంస్థల పాత ధరలు చూస్తే ఇంగ్లీషు పుస్తకాలకు ఒక అంచనా వస్తుంది. తెలుగు చవక పుస్తకానికి అలాంటి అంచనా దొరకదు. ఇద్దరూ ఒప్పుకున్నదే దాని ధర. అందుకని నేను ధరతో మొదలుపెట్టను. ఈ పుస్తకం ఇచ్చేస్తే నాకు మళ్ళీ దొరుకుతుందా? అవతలివాడు ఇస్తానంటున్నది నేను రేపు అబిడ్స్‌లో కొనగలిగేదేనా? ఈ రెండిటికీ జవాబు వచ్చాక తేడా ఎంతో డబ్బుగా కలపడం పెద్ద కష్టం కాదు. తేడా డబ్బు మాత్రం పార్సిళ్ళు రెండు వైపులా అందాకే ఇవ్వాలని ముందే అనుకోండి.

ఎవరు ముందు పంపాలి? కొత్తవాడు ముందు పంపాలన్నది పాతవాళ్ళ ఆచారం. నాకు ఈ ఆచారం నచ్చదు. కొత్తవాడికి పోగొట్టుకోవడానికి ఉన్నదే తక్కువ. పదేళ్ళుగా ఇందులో ఉన్న మనిషి ఒక మామూలు పుస్తకం ముందుగా పంపి నమ్మకం పోగు చేసుకుంటే పెద్ద మారకాలు తర్వాత వాటంతట అవే జరుగుతాయి. విజయవాడలో కలిసే వీలుంటే మరీ మంచిది. బస్సు ఖర్చుతో తేలిపోయేదానికి తపాలా మీద భారం ఎందుకు?

ఫోనులో ఎంత మాట్లాడుకున్నా, చివరికి ఒప్పుకున్నది రాతలో ఉండాలి: ఏ పుస్తకం, ఏ లోట్లతో, దేనికి బదులు, ఎన్ని రోజుల్లో, నచ్చకపోతే ఏమిటి. స్నేహం ఉంది కదా అని రాయడం మానేసినవాళ్ళే తర్వాత మాట్లాడుకోవడం మానేస్తారు.

పార్సిల్‌కు పుస్తకం కన్నా అన్ని వైపులా అంగుళం పెద్దవైన అట్టలు రెండు, వాటి మధ్య పుస్తకం, పుస్తకానికి ముందు ప్లాస్టిక్ సంచి. మూలలు నలగకపోవడం ముఖ్యం. వానాకాలంలో తడి కవరుతోనే లోపలికి వస్తుంది. 2025 నుంచి రిజిస్టర్డ్ పోస్టు విడిగా లేదు, స్పీడ్ పోస్టులో కలిపేశారు. చేతికి ఇచ్చి సంతకం తీసుకునే పద్ధతి అడిగి కట్టించుకోండి. ట్రాకింగ్ నంబరు అదే రోజు అవతలివాడికి పంపండి. అందగానే “చేరింది” అని ఒక్క మాట రాయడం అవతలివాడి బాధ్యత. ఈ చిన్న మర్యాద పాటించనివాడితో నేను రెండోసారి మార్చుకోను.

ముట్టుకోకూడనివి

మన ఊళ్ళకు గ్రంథాలయోద్యమం గొప్ప వరం. 1911లో బెజవాడలో రామ్మోహన్ గ్రంథాలయం, 1914లో అక్కడే అయ్యంకి వెంకటరమణయ్య చొరవతో ఆంధ్రదేశ గ్రంథాలయాల మహాసభ, ఆ ఊపులో పల్లెపల్లెకూ పుస్తకాలు చేరాయి. కాబట్టి మీ చేతికొచ్చే పాత పుస్తకం మీద గ్రంథాలయం ముద్ర ఉండే అవకాశం బాగా ఎక్కువ. తొలగించిన పుస్తకం అన్న ముద్రో, ఆ గ్రంథాలయం మూతపడిందన్న రుజువో లేకపోతే దాన్ని మారకానికి పెట్టకండి. గ్రంథాలయం ఇంకా నడుస్తుంటే తీసుకెళ్ళి ఇచ్చేయండి. ముద్రను గీకేసిన పుస్తకాన్ని ఎంత అరుదైనదైనా తీసుకోకండి. గీకినవాడికి అది ఎక్కడిదో తెలుసు, మీకు కూడా తెలుసు.

తాళపత్రాల విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. శాస్త్ర, చారిత్రక, సాహిత్య విలువ ఉండి 75 ఏళ్ళు దాటిన రాతప్రతిని 1972 నాటి చట్టం పురావస్తువుగా చూస్తుంది. విదేశాల సేకర్త ఎంత ఇస్తానన్నా దేశం దాటించడం నేరం. ఇంద్రజాల తంత్రాల తాళపత్రం దొరికితే హైదరాబాదులోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికో తిరుపతిలోని ప్రాచ్య పరిశోధన సంస్థకో చూపించండి.

కాపీహక్కు రచయిత చనిపోయాక 60 ఏళ్ళు ఉంటుంది. పుస్తకం చేతులు మారవచ్చు. స్కాన్ చేసి పదిమందికి పంపడం మాత్రం కుదరదు, మారకానికి ఆశ పెట్టడానికి “పీడీఎఫ్ కూడా ఇస్తా” అనడం కూడా దాని కిందికే వస్తుంది.

ఒక్క మాట పిల్లలున్న ఇళ్ళవాళ్ళకు. పాత పుస్తకాల్లో పాదరసంతో, పచ్చ భాస్వరంతో, విషముష్టితో చేయమన్న ‘వింతలు’ ఉంటాయి. వాటిని దాచుకోండి, చదవండి, చేయొద్దు.

తర్వాత ఎవరికి

జాన్ ముల్‌హాలండ్ అనే అమెరికన్ ఇంద్రజాలికుడి గ్రంథాలయం ఆయన పోయాక చేతులు మారి 1980లలో లాస్ ఏంజలస్‌లో ఒక బ్యాంకు యజమాని దగ్గరికి చేరింది. రికీ జే అనే గొప్ప ఇంద్రజాలికుడు, పండితుడు దానికి సంరక్షకుడిగా పనిచేశాడు. బ్యాంకు కుప్పకూలాక ప్రభుత్వం ఆ పుస్తకాలన్నిటినీ అమ్మకానికి పెట్టింది. 1991లో డేవిడ్ కాపర్‌ఫీల్డ్ 22 లక్షల డాలర్లకు కొనుక్కున్నాడు. ఏళ్ళ తరబడి ఆ పుస్తకాలను అమర్చి, జాబితా రాసి, ప్రాణంగా చూసుకున్న రికీ జేకి ఒక్కటీ మిగల్లేదు. ఆయన సొంతంగా పోగు చేసుకున్నవి కూడా ఆయన పోయాక 2021లో వేలానికి వెళ్ళాయి. హౌడినీ మాత్రం ముందే ఏర్పాటు చేశాడు. ఆయన చనిపోయిన మరుసటి ఏడాది 1927లో 3,988 సంపుటాలు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేరాయి. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

మనకు బ్యాంకు కూలే భయం లేదు గానీ వేరే భయాలున్నాయి. మద్రాసు మూర్ మార్కెట్‌లో తెలుగువాళ్ళు కూడా తరాల తరబడి పాత పుస్తకాలు వెతుక్కున్నారు, 1985 మే 30న అది కాలి బూడిదైంది. 2000 ఆగస్టు వానలకు హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పుస్తకాలు నీట మునిగాయి. మైలవరం కొండల్లో పుట్టే బుడమేరు 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్ ఇళ్ళలోకి ఎలా వచ్చిందో చూశాం. కింది అరలో అరుదైనది పెట్టకండి. జాబితా ఇంకో ఊళ్ళో ఒకరి దగ్గర ఉంచండి. మీ తర్వాత ఏ పుస్తకం ఎవరికి చెందాలో, ఏది ఎవరి దగ్గర మార్చుకున్నదో అందులోనే రాయండి. ఇంట్లోవాళ్ళకు ఆ జాబితా ఎక్కడుందో చెప్పండి. రేపు ఆ ఇంటికి కట్ట కోసం ఎవరో వస్తారు, “ఎంతిస్తావు బాబూ” అని అడిగేది మీ ఇంట్లోవాళ్ళే అవుతారు.

ఇంట్లో ‘ఇంద్రజాలం’ అని అట్ట మీద ఉన్న చిన్న పుస్తకం ఏదైనా కనిపిస్తే, పాత పేపర్లవాడి తక్కెట్లో వేసే ముందు ఆకులు ఒకసారి లెక్కపెట్టండి.